కోత పండగ గుమ్మడికాయ

"మిగిలిన సగం ఏటి చేసేరు? నా మొహం చూసి చెప్పండి."

మెర్సీ అడిగిందే మళ్ళీ అడిగింది. సంజయ్ ఆమె మొహం చూడలేదు. ఫ్యాను కేసి చూశాడు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. తిరగని ఫ్యానుని అంత శ్రద్ధగా చూసే మనిషి ఆ సాయంత్రం శ్రీకాకుళం మొత్తం మీద ఇంకొకడు ఉండి ఉండడు.

ఆమె ఇంకా ఆస్పత్రి తెల్ల చీరలోనే ఉంది. చెప్పులు గుమ్మంలో ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉన్నాయి. పిల్ల వేసవి సెలవులకి శృంగవరపుకోటలో తాతగారింటికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ తగువంతా విని భయపడేది.

మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో పర్మిషన్ అడిగి బ్యాంకుకి వెళ్ళింది మెర్సీ. సోములు అనే రైతు దగ్గర ఊరి చివర జాగా మాట్లాడుకుని, ఆమె చీటీ పాట డబ్బుతో బయానా కూడా ఇచ్చేశారు. జాగాకీ, దాని మీద కట్టబోయే ఇంటికీ మొగుడూ పెళ్ళాల ఇద్దరి పేర్లతో లోన్ పెట్టారు. అది మంజూరైందన్న కబురు వినడానికే వెళ్ళింది. లోన్లు చూసే రేఖ మేడమ్ ఆమెని కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళు ఇప్పించింది. నర్సు ఉద్యోగంలో ఉన్న మెర్సీకి ఆ మంచినీళ్ళేమిటో తెలుసు. చెడ్డ కబురు చెప్పబోయే ముందు తనూ పేషెంటు తాలూకు వాళ్ళకి అలాగే ఇప్పిస్తుంది.

"మీ ఆయన పాత క్రెడిట్ కార్డు బాకీ సగమే కట్టారు మేడమ్," అంది రేఖ. "మిగతా సగం ఆ బ్యాంకు వదిలేసుకుంది. వదిలేసుకుందంటే మరిచిపోయిందని కాదు. ఆయన పేరు పక్కన ఆ సంగతి రాసి పెట్టింది. ఏ బ్యాంకుకి వెళ్ళినా ముందు అదే కనిపిస్తుంది. ఆయన పేరుంటే లోన్ రాదు."

మెర్సీ నవ్వింది. వేరే ఏ సంజయ్‌దో ఇతని ఖాతాలో కలిసిపోయి ఉంటుందనుకుని నవ్వింది. ఆ బాకీ నాలుగేళ్ళ కిందటే తీరిపోయింది. తీర్చింది ఆమె గొలుసు, ఆమె గాజులు. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ మీద నైట్ డ్యూటీ చేసి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా కొనుక్కున్న బంగారం అది. బాకీ ఎంతో లెక్క చూసి, అంతకీ సరిపోయేలా అమ్మింది. ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇంటికొచ్చాక అదే చెప్పింది. చెప్పి, 'వాళ్ళదే పొరపాటు కదండీ' అని సంజయ్‌ని అడిగింది. 'అవును' అని ఒక్క మాట అంటే ఆ పూటకి నమ్మేసేదే. ఆ అబద్ధం ఆడడానికి కూడా అతనికి నోరు రాలేదు.

"వాళ్ళే ఒప్పుకున్నారు మెర్సీ," అన్నాడు చివరికి. "సగం కట్టేస్తే ఫైలు మూసేస్తామన్నారు. కాగితం కూడా ఇచ్చేరు."

"ఒప్పుకున్నారు. మంచిదే. మరి నేను ఇచ్చింది మొత్తం బాకీకి కదా. సగం మిగలాలి. అది తెచ్చి నా చేతిలో పెట్టేరా?"

సంజయ్ మళ్ళీ ఫ్యానులోకి వెళ్ళిపోయాడు.

"మీ కార్డు వాళ్ళ ఫోన్లు ఎక్కడికొచ్చేవో గుర్తుందా మీకు? మా ఆస్పత్రికి వచ్చేవి. లేబర్ రూములో నేను గ్లవుజులేసుకుని ఉంటే, గుమ్మంలోంచి ఆయా అరిచేది. 'సిస్టరమ్మా, మీ ఆయన బాకీ గురించంట' అని. నొప్పులు పడుతున్న మనిషి కూడా తల తిప్పి నన్ను చూసేది."

"ఇప్పుడవన్నీ ఎందుకు మెర్సీ..."

"బోడి మెడతో చర్చికెళ్తే గొలుసేదని అందరూ అడిగేరు. మీ పరువు పోకూడదని, 'నగల మీద ఆశ పోయిందండీ' అన్నాను. అయ్యగారు ఆ ముక్క పట్టుకుని ప్రసంగంలో చెప్పేరు. సిస్టర్ మెర్సీని చూసి నేర్చుకోండి, నగలు విడిచిపెట్టింది అని. నేను తల దించుకు కూర్చున్నాను. సిగ్గుతో దించుకుంటే అణకువ అనుకున్నారు."

వంటింట్లో చేటలో మునగాకు దూస్తున్న ఎలీసమ్మ అక్కడి నుంచే గొంతెత్తింది.

"డూటీ నుంచొచ్చిన మనిసి కాళ్ళు కడుక్కుని ఇంత గెంజి తాగాల. ఈ తగువేటి వొచ్చీ రాగానే?"

ఎలీసమ్మ సంజయ్ తల్లి. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషని మేం ఇన్ని వారాలుగా ఈ సీరియల్లో ఎక్కడా అనలేదు కూడా. కానీ కొడుకు నోరు మూసుకున్న చోటల్లా ఆవిడ నోరు తెరుచుకుంటుంది. ఆ తల్లీ కొడుకుల మధ్య అది చిన్నప్పటి ఏర్పాటు.

"మీరు ఉండండి అత్తయ్యా. ఇది మా ఇద్దరి మాట."

"ఇద్దరి మాటేటి? నా కొడుకుని గోడకి నిలబెట్టి అడుగుతంటే నాను మునగాకు దూసుకుంటూ కూకోవాలా? ఏటి సేసీసినాడు వాడు? తాగినాడా? పేకాడినాడా? దేవుడి పనికే కదా ఇచ్చినాడు!"

ఆ మాట ఇంట్లో పడగానే సంజయ్ కళ్ళు మూసుకున్నాడు. ఎలీసమ్మ చేతిలో మునగ రెమ్మ ఆగిపోయింది. నోరు జారిన సంగతి అందరికంటే ముందు ఆవిడకే తెలిసింది.

మెర్సీ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"నాకేటి తెలుసు? నాకేటీ తెలీదు."

"దేవుడి పని అన్నారు. ఏ పని?"

"కడుపు సించుకుంటే కాళ్ళ మీదే పడతాదమ్మా. పాత మాటలు, వొదిలీ."

"కాళ్ళ మీదే పడనివ్వండి. ఏ పని?"

ఎలీసమ్మ కొడుకు కేసి చూసింది. కొడుకు నేల కేసి చూశాడు. చెప్పే పని మళ్ళీ ఆవిడకే మిగిలింది.

"మన ఊళ్ళో కోత పండగ," అంది మెల్లిగా.

ఆ ఏడు గొలుసు అమ్మిన డబ్బు పట్టుకుని సంజయ్ శనివారం బయల్దేరాడు. కార్డు వాళ్ళ ఆఫీసు విశాఖలో. ఆదివారం కొత్తవలస అవతల వాళ్ళ ఊళ్ళో తల్లి దగ్గర ఉండి, సోమవారం వెళ్ళి కట్టేద్దామనుకున్నాడు. ఆ ఆదివారమే ఊరి చర్చిలో కోత పండగ. మెర్సీకి ఆ రోజు సెలవు దొరకలేదు.

కోత పండగ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు వినండి. పండిన పంటలో మొదటి బస్తా, పాదున కాసినవాటిలో పెద్ద కాయ, దొడ్లో బలిసిన కోడిపుంజు, అన్నీ కానుకగా చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో పెట్టి వేలం వేస్తారు. డబ్బు చర్చికి పోతుంది. అక్కడ కోడిగుడ్డు వంద రూపాయలు పలికిందన్నా ఆశ్చర్యపోకూడదు. అది గుడ్డు ధర కాదు, పాడినవాడి ధర.

"పాల్ ఉన్నాడు కదమ్మా," అంది ఎలీసమ్మ. "ఆడి నోరు నీకు తెలీదేటి?"

పాల్ సంజయ్‌కి పెదనాన్న కొడుకు. రైల్వేలో ఉద్యోగం. కార్డు తీసుకున్నప్పుడు తెలిసినవాళ్ళ నంబరు అడిగితే సంజయ్ అతని నంబరే రాసిచ్చాడు. బాకీ పడ్డాక వాళ్ళు పాల్‌కి కూడా ఫోన్లు చేశారు. పాల్ ఊరుకునే మనిషి కాదు. ఆ సంగతి ఊరంతా పంచాడు, ప్రతి ఇంటికీ ఇంత.

"గుమ్మడికాయ ఏలానికి వొచ్చినాది. ఇంత ఉన్నాది, ఇద్దరు మోసుకొచ్చినారు. పాల్ అయిదొందలన్నాడు. మా సంజయ్ ఊరికే నిలబడి ఉన్నాడు. అప్పుడా పాల్ అందరూ ఇనేలా, 'మా తమ్ముడు పాడడేటి? జేబులో కార్డు ఉంది కదా!' అనీసినాడు. ఆడోలు, మొగోలు, పిల్లగుంటలు, అందరూ నవ్వీసినారమ్మా. కన్నతల్లిని, నాను అక్కడే ఉన్నాను. నా గుండె ఏటవుతాదో నువ్వే సెప్పు."

"ఈయన పాడేరు."

"పాడినాడు. ఆడూ పాడినాడు. ఈడు ఎయ్యంటే ఆడు రెండేలు. అలాగ పెరిగిపోనాది."

"ఎంతకి?"

ఎలీసమ్మ మళ్ళీ మునగ రెమ్మ అందుకుంది.

"ఎంతకి అత్తయ్యా?"

"నలబై ఏలకి. పాల్ తల దించుకుని ఎల్లిపోనాడు."

నాలుగేళ్ళయినా ఆ ఆఖరి మాటలో కాస్త గర్వం మిగిలే ఉంది. అది మెర్సీకి వినబడింది. నలభై వేల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె గోడకి ఆనుకుంది. ఆ గుమ్మడికాయ ఆమెకి గుర్తుంది. గుర్తు లేకపోవడమేమిటి, తరిగింది తనే కదా! సంజయ్ దాన్ని బస్సులోంచి భుజాన పెట్టుకుని దిగాడు. అమ్మ పెరట్లోది అన్నాడు. బాకీ కట్టేశానని కూడా ఆ గుమ్మంలోనే అన్నాడు. మెర్సీ సంతోషం పట్టలేక బెల్లం వేసి పులుసు పెట్టి చుట్టుపక్కల నాలుగిళ్ళకి గిన్నెలతో పంచింది. ఇంత తియ్యని కాయ ఎక్కడిదని వాళ్ళడిగితే, మా అత్తగారి పెరట్లోదని మురిసిపోతూ చెప్పింది. తన గొలుసు సగం ముక్కలు చేసి పులుసులో వేసి వీధికి వడ్డించింది. పిచ్చిది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సంజయ్ ఆపాటి కూడా చెయ్యలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను కావాలని చెయ్యలేదు," అన్నాడు. "సోమవారం పొద్దున్న లేచేసరికి గుండెల్లో రాయి పడింది మెర్సీ. మిగిలిన సగం పట్టుకుని వాళ్ళ ఆఫీసుకెళ్ళేను. కాళ్ళా వేళ్ళా పడదామనే వెళ్ళేను. నేను నోరు తెరవకుండానే వాళ్ళే అన్నారు, సగం కట్టీ, చాలు అని. దేవుడికిచ్చింది దేవుడే సర్దేడనుకున్నాను. ఒట్టు. నిజంగా అలాగే అనుకున్నాను."

అది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. ఆ తర్వాతి ఆదివారం ఇక్కడి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, ప్రభువు నా అప్పుల సంకెళ్ళు తెంచాడని అతను ఏడుస్తూ చెప్పినప్పుడు, ఏడుపు నిజమైనదే. పక్కన మెర్సీ కూడా ఏడ్చింది. ఆమె ఏడుపు తెలియక ఏడ్చిన ఏడుపు.

"దేవుడికి ఇవ్వలేదు మీరు," అంది మెర్సీ. "పాల్ బావగారికి ఇచ్చేరు."

సంజయ్ తలెత్తాడు.

"అవును. నా గొలుసు తీసుకెళ్ళి ఆయన మొహాన కొట్టేరు. కొట్టి, మీ పరువు మీరు కొనుక్కున్నారు. నా పరువు మాట? నాకెందుకు చెప్పలేదు? ఆ రోజు చెప్పి ఉంటే ఒక రోజు ఏడ్చేదాన్ని. రెండు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. అంతేగా? ఇంట్లో మీ ఇద్దరికీ తెలుసు. మీ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియందల్లా బంగారం ఇచ్చినదానికి. నువ్వు మనిషివేనా?"

"ఒసే!" అంది ఎలీసమ్మ. "మొగుణ్ణి నువ్వు అంటావేటే!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మెర్సీ అతన్ని మీరు అనే పిలిచింది. కోపంలో కూడా మీరే. ఇప్పుడు నోటి నుంచి వచ్చేసింది, దాన్ని వెనక్కి తీసుకునే ఉద్దేశం ఆమెలో కనబడలేదు.

"ఇంకోటి కూడా ఉంది," అంది. "రేఖ మేడమ్ ఈ సంగతి నీకు పోయిన నెలలోనే ఫోన్ చేసి చెప్పిందట. 'సార్ మీకు చెప్పలేదా' అని నన్నే అడిగింది. పోయిన ఆదివారం ఏటి చేసేం మనం? చర్చి నుంచి వస్తూ జాగా దగ్గర ఆగేం. వంటింటి కిటికీ రోడ్డు వైపు పెడదామన్నాను. 'అటొద్దు, తూర్పుకి పెడదాం, గాలొస్తాది' అన్నావు. అప్పటికే నీకు తెలుసు."

"ఎలాగైనా సర్దుదామనే అనుకున్నాను..."

"ఎలాగ?"

అతను చెప్పలేదు. ఆ మౌనం మెర్సీకి కొత్తది కాదు కాబట్టి దానిలో ఇంకేమైనా ఉందేమోనని ఆమె వెతకలేదు. వెతకాల్సింది.

మొహం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. గొంతు దిగింది.

"విను. నా ఒక్క పేరు మీద పెడితే లోన్ వస్తుందంది రేఖ. నా జీతం సరిపోతుంది. నా పేరు మీద ఏ మచ్చా లేదంది. నువ్వు ఆ మిగిలిన సగం ఎప్పటికో కట్టుకుని నీ పేరు బాగుచేసుకో. నేను వద్దనను. ఇల్లు మాత్రం ఇప్పుడే నా పేరు మీద కడతాను."

"ఇల్లు ఆడదాని పేరునేటి?" ఎలీసమ్మ చేట పట్టుకుని హాల్లోకే వచ్చేసింది. "పునాది ప్రార్థనకి అయ్యగారొస్తే ఎవుల పేరు సదువుతారు? నలుగురూ ఏటంటారు?"

"నలుగురూ అద్దెకి ఇల్లు ఇచ్చేరా అత్తయ్యా?"

ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళ కోసం తిరిగినప్పుడు ఎలీసమ్మ కూడా వెంట ఉంది. మెర్సీ అని పేరు చెప్పగానే, 'అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామమ్మా' అన్న గుమ్మాలు ఆవిడా చూసింది. ఆ మర్నాడూ, ఆ పై వారమూ కూడా అక్కడ టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది. సోములు ఒక్కడే పేరు విని మొహం మార్చలేదు. 'నా జాగాలో ఎవులు ఏ దేవుడికి దండం ఎట్టుకుంటే నాకేటి తల్లీ' అన్నాడు. మెర్సీకి ఆ జాగా నచ్చడానికి సగం కారణం ఆ మాటే.

"తొందరెందుకు మెర్సీ," అన్నాడు సంజయ్. "కొన్నాళ్ళు ఆగుదాం."

"ఎందుకు ఆగాల?"

"ఆ జాగా పల్లంలో ఉంది. నాగావళి పొంగితే నీళ్ళొచ్చేస్తాయంటున్నారు."

"ఎవరంటున్నారు? వరదల్లో కూడా అటు నీళ్ళు రాలేదు. ఆ మాట నువ్వే నాకు చెప్పేవు."

"అది కాదు..."

"నన్ను తీసేస్తున్నావని బాధగా ఉందా? ఉంటుంది. నాకూ బాధగానే ఉంది. కానీ నీ పేరు నేను తీసెయ్యడం లేదు సంజయ్. నువ్వే ఆ గుమ్మడికాయతో పాటు కోసిచ్చేవు."

ఆమె ఫోన్ తీసింది.

"ఎవరికి?" అన్నాడతను.

"సోముల్‌గారికి. రిజిస్ట్రేషన్ నా ఒక్క పేరు మీదేనని చెప్పాలి కదా. కాగితాలు మార్చుకుంటారు."

"ఇప్పుడొద్దు. పొద్దున్న నేనే వెళ్ళి చెప్తాను."

"నువ్వు చెప్పినవి చాలు."

అతను లేచి చెయ్యి చాచాడు. ఫోన్ లాక్కుంటాడా అన్నట్టు ఎలీసమ్మ కూడా బెదిరి చూసింది. లాక్కోలేదు. చాచిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుని మళ్ళీ కూర్చున్నాడు. అవతల ఫోన్ ఎత్తారు.

"ఎవులు? నర్సమ్మా? సెప్పు తల్లీ."

"సోముల్‌గారూ, రిజిస్ట్రేషన్ గురించండీ. కాగితాలు నా ఒక్కదాని పేరు మీద..."

"రిజిస్ట్రేసనేటమ్మా?" సోములు గొంతు పెద్దది, గదంతా వినబడుతోంది. "మీ బయానా నాను ఎనక్కి ఇచ్చీసినాను కదా. పదిహేను దినాలయిపోనాది. మీ పెనిమిటే వొచ్చి అట్టుకెల్లినాడు."

మెర్సీ సంజయ్‌ని చూసింది. పదిహేను రోజులు. కిటికీ తూర్పుకి పెడదామన్న ఆదివారం నాటికి ఆ జాగా తమది కాదు.

"ఎందుకని అడగలేదా మీరు?"

"అడక్కేటి? మా ఇంటిదానికి ఆ జాగా నచ్చనేదు అన్నాడు. నాకు అప్పుడే ఇడ్డూరంగా అనిపించినాది. నువ్వు ఆ దినం గట్టు మీద నిలబడి ఎంత సంబరపడినావో నాను సూసినాను కదా. సర్లే, సదువుకున్నోలు, మనసు మారిపోనాదేమో అనుకున్నాను."

"నచ్చింది సోముల్‌గారూ," అంది మెర్సీ. అప్పటిదాకా ఏడవని మనిషి ఆ ఒక్క మాట దగ్గర కొంగు కళ్ళకి అద్దుకుంది. "నాకు ఆ జాగా చాలా నచ్చింది."

సోములు గొంతు తగ్గించాడు.

"అయ్యో తల్లీ. రేపు పొద్దుగాల వేరేవోలు బయానా అట్టుకొస్తన్నారు. ఆలకించు. ఆలొచ్చీ లోపల నువ్వు మీ బయానా డబ్బు అట్టుకొచ్చీ. జాగా నీకే ఇస్తాను. నా మాట ఇది."

ఫోన్ పెట్టేసి మెర్సీ మొగుడి ముందు చెయ్యి చాచింది.

"డబ్బు ఇయ్యి."

"మెర్సీ, కూర్చో. చెప్తాను."

"తర్వాత చెప్దువు. ముందు డబ్బు ఇయ్యి. నా చీటీ డబ్బు అది."

"ఇంట్లో లేదు."

"ఎక్కడుంది?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

సంజయ్ చిన్నప్పటి నుంచీ ఇలాంటప్పుడు ఎటు చూస్తాడో అటే చూశాడు. ఎలీసమ్మ చేట కింద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి కోడలి పక్కకి వచ్చి నిలబడింది.

"నాకేసి సూడకు నాయినా," అంది. "ఈపాలి నాకూ తెలీదు."